‘అరేయ్’ అనని రోజు

పోలీసు తనను తిట్టాలని కోరుకునే మనిషిని మీరెక్కడైనా చూశారా? దేవదాసు కోరుకున్నాడు. అదీ చాటుగా కాదు, కల్లు డిపో ముందర, ఊరంతా వినేలా తిట్టమన్నాడు.

బోధన్ నుంచి వర్ని పోయే దారిలో వాళ్ల ఊరు. చెరుకు కొట్టడం అతని పని. ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు తగ్గింది, ఉన్న కాస్తా లారీలెక్కి దూరం పోతోంది. అయినా కత్తి పట్టిన చేతికి వేరే పని రాలేదు. ఆదివారం చర్చికి పోయి వెనక కూర్చునేవాడు, ఎవరి జోలికీ పోయేవాడు కాదు. అలాంటి నోట్లో నాలుక లేని మనిషి పోలీసులకు కబుర్లు మోశాడంటే దానికి కారణం అతని భార్య నర్సవ్వ.

నర్సవ్వ ఒళ్లు నొప్పులకని డిపోలో కల్లు తాగడం మొదలుపెట్టింది. అక్కడ తాగే ఆడవాళ్లంతా అలా మొదలుపెట్టినవాళ్లే. అది చెట్టు కల్లని పేరే గానీ, మత్తు పొడి కలిపిన నీళ్లు. పూట తప్పితే చేతులు వణుకుతాయి, మెడ ఒక పక్కకు తిరిగిపోతుంది, లేని మనుషులు కనబడతారు. ఒకసారి దేవదాసు మొండికేసి మాన్పించాడు. ఆమెకు ఫిట్స్ వచ్చి నోట్లోంచి నురగ వచ్చింది. చివరికి అతనే డిపోకు పరుగెత్తి సీసా తెచ్చి, తన చేత్తో తనే ఆమె నోట్లో పోశాడు. ఆ రోజు తరవాత అతనికి అన్నం సరిగా సహించలేదు.

నిజామాబాద్ పెద్దాసుపత్రి డాక్టరమ్మ గోళీలు రాసిచ్చి, కొంచెం కొంచెంగా తగ్గించాలంది. గోళీలు మింగి, వాటి మీద కల్లు కూడా తాగొచ్చేది నర్సవ్వ. ఇంటికి నాలుగడుగుల దూరంలో డిపో పెట్టుకుని ఎవరు మానతారండీ? డిపో మూతపడితే గోళీలతో ఎలాగో గట్టెక్కిస్తానని దేవదాసు ఆశ. ఆ ఆశే అతన్ని ఎస్సై భానుప్రసాద్ దగ్గరికి నడిపించింది.

భానుప్రసాద్ కుర్రవాడు, చదువుకున్నవాడు, మంచివాడు. కాలువ గట్టు మీద, చెరుకు చాటున కూర్చోబెట్టి రూల్సన్నీ చెప్పాడు. పేరు ఎక్కడా రాయరట. స్టేషన్‌కు రాకూడదు, తను ఇంటికి రాడు. బయట ఎదురుపడితే ఒకరికొకరు తెలియనట్టే ఉండాలి.

దేవదాసు అన్నీ విని తల అడ్డంగా ఊపాడు.

"తెల్వనట్టుంటె సాలదు సార్. మా ఊర్లె పోలీసులు నా అసొంటోన్ని జూస్తే ఊకుంటరా? తిట్టకపోతెనే అనుమానమొస్తది. నలుగుర్ల కనవడితే అరేయ్ అనుండ్రి. గట్టిగనుండ్రి."

"నువ్వు మా బాపు వయసు మనిషివి దేవదాసన్నా. నాకు నోరు రాదే."

"రావాలె సార్. గదే నాకు కాపలా."

నోరు తెచ్చుకున్నాడు పాపం. గట్టు మీద "దేవదాసన్నా" అని పిలిచి, డిపో ముందు జీపు ఆపి "ఏందిరా దేవదాసుగా, పనీపాటా లేదారా" అని అరిచేవాడు. ఒకసారి మెడ మీద ఒకటి వేశాడు కూడా. ఊరు అయ్యో అంది. డిపో నడిపే శేఖర్ అయితే జాలిపడి, "పోలీసోళ్లకు పేదోడే దొరుకుతడు, తాగు" అని సీసా చేతిలో పెట్టాడు. దేవదాసు అది తెచ్చి భార్యకిచ్చాడు. ఇచ్చి, గోడకు ఆనుకుని చాలాసేపు నవ్వాడు. అతను బతుకులో మనసారా నవ్విన రోజుల్లో అదొకటి.

అతని కబురుతో డిపో మీద ఒక దాడి జరిగింది. పొడి దొరికింది, తాళం పడింది. శేఖర్‌కు బెయిలూ దొరికింది, తాళమూ ఊడింది. పొడి మహారాష్ట్ర వైపు నుంచి వస్తుందని, ఈసారి బండితో సహా పట్టుకుంటే డిపో మళ్లీ లేవదని ఎస్సై చెప్పాడు. ఆ బండి ఎప్పుడొస్తుందా అని దేవదాసు చెవులు రిక్కించుకుని తిరిగాడు.

అంతలో అతని తల్లి పోయింది.

సమాధుల దొడ్డిలో పెట్టె దించారు. మంచికీ చెడ్డకీ అందరూ వచ్చే ఊరు కాబట్టి శేఖర్ కూడా వచ్చాడు. అప్పుడే ఆ దారిన పోతున్న జీపు ఆగింది. భానుప్రసాద్ టోపీ తీసి చంకలో పెట్టుకుని, మనుషులను తప్పించుకుంటూ వచ్చి, దేవదాసు మట్టి చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ధైర్యంగా ఉండు అన్నా."

అంతే. మూడు మాటలు. మట్టి తోస్తున్న పారలు ఆగిపోయాయి. మంచితనానికైనా వేళాపాళా ఉండొద్దూ! చెరుకు కొట్టే కూలీని ఎస్సై ‘అన్నా’ అనడం ఆ ఊరు పుట్టాక ఎవరూ వినలేదు. అన్నాక గానీ తను ఏమన్నాడో భానుప్రసాద్‌కు తెలియలేదు. శేఖర్ తలపాగా తువ్వాలు తీసి దులుపుకుని వెళ్లిపోయాడు.

ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. డిపో సొమ్ముతో నడిచే ఊరి కమిటీ కూర్చుంది, అంతే. ఆ ఇంటితో మాట్లాడొద్దన్నారు. చెరుకు ముఠా అతన్ని పిలవలేదు. కిరాణా కొట్టాయన మొహం తిప్పుకున్నాడు. ఆటోలు అతన్ని చూసి వేగం పెంచాయి. డిపోలో నర్సవ్వకు చుక్క పోయలేదు. గోళీలు అప్పటికే అయిపోవస్తున్నాయి.

దేవదాసు కాలువ గట్టుకు పోయి ఎస్సైకి ఫోన్ చేశాడు. వచ్చాడు గానీ భానుప్రసాద్ కూర్చోలేదు.

"బయటపడ్డ మనిషిని మళ్లీ కలవొద్దని రూల్ ఉందన్నా. నీ మంచికే. తప్పు నాదే."

"రూలుంటె ఉండనీ సార్. డిపో కాడికొచ్చి ఒక్కసారి నన్ను అరేయ్ అనుండ్రి. కొట్టుండ్రి. అండ్ల తప్పేముంది?"

మర్నాడు ఎస్సై వచ్చాడు. జీపు దిగి "ఏందిరా" అన్నాడు, అంటూనే కళ్లు దించేసుకున్నాడు. అరుగు మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. "సార్ మస్తు జేస్తున్నడు నాటకం" అన్నాడొకడు. భానుప్రసాద్ జీపెక్కి వెళ్లిపోయాడు. ఆ తరవాత దేవదాసు ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. రూల్ ప్రకారమే చేశాడు, కాదనలేం.

గోళీలు అయిపోయిన మర్నాడు పొద్దున నర్సవ్వకు మళ్లీ ఫిట్స్ వచ్చాయి. దేవదాసు అంబులెన్స్‌కు ఫోన్ చేశాడు, బోధన్ నుంచి బయల్దేరిందన్నారు. ఒక ఫిట్ తగ్గితే ఇంకొకటి వస్తోంది. అంబులెన్స్ వచ్చేదాకా ఆగలేనని అతనికి అర్థమైంది. భార్య తల కింద దుప్పటి మడత పెట్టి, ఏ డిపోను మూయించాలనుకున్నాడో ఆ డిపోకే పరుగెత్తాడు.

"శేఖరన్నా, ఒక్క సీస. దాని పానం పోతుంది. నీ కాల్మొక్త."

శేఖర్ లేచి నిలబడ్డాడు. మర్యాదగా నిలబడ్డాడు.

"అయ్యో, కూసో అన్నా. కుర్సెయ్యుండ్రి అన్నకు."

"తిట్టన్నా. కొట్టన్నా. ఒక్క సీస."

"మిమ్ముల తిట్టుడా! ఎస్సై సారే అన్నా అంటడు, మేమెంత? మాది మందు కలిపిన కల్లు అన్నా, మీ ఇంటికి పనికి రాదు."

కుర్చీ తెచ్చి వేశారు నిజంగానే. దేవదాసు నేల మీద పడి శేఖర్ కాళ్లు పట్టుకున్నాడు. శేఖర్ మెల్లగా ఆ చేతులు విడిపించుకుని లోపలికి పోయాడు.

దేవదాసు తిరిగొచ్చేసరికి అంబులెన్స్ వాకిట్లోనే ఉంది. అందులో వచ్చిన నర్సు పిల్ల మెట్టు మీద నిలబడి చేతులకున్న తొడుగులు తీసేస్తోంది. తొందరేమీ పడటం లేదు. ఆ తీయడంలోనే అతనికి తెలిసిపోయింది.

ఇప్పుడు దేవదాసు ఒక్కడే ఉంటున్నాడు. డిపో నడుస్తోంది. ఆ దారిన పోతుంటే అరుగు మీది చిన్నా పెద్దా అందరూ, "అన్నా, బాగున్నవా" అని పలకరిస్తారు.