వడ్డీ లేని పెంకుటిల్లు

లెక్కల అయివారు ఒకడు సున్నాను నమ్మి ఎట్లా నిలువునా మునిగినాడో చెబుతాను, వినండి. ఆ అయివారు నేనే. మీరు నవ్వినా నాకేమీ బాధ లేదు. మా ఆవిడ జ్ఞానమ్మ ఇన్నేళ్లుగా నవ్వుతానే ఉంది, అలవాటైపోయింది.

అవి యుద్ధం రోజులు. మదనపల్లె మిషను బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. వయసు ఇరవై ఆరు. వడ్డీ లెక్క నాకంటే బాగా వేసేవాడు ఈ చుట్టుపక్కల లేడని నా గట్టి నమ్మకం. అప్పటికి నేను ఒక్క రూపాయి అప్పు చేసి ఎరగను, అది వేరే సంగతి.

మా నాయన వదిలిపోయిన ఇల్లు బోదగడ్డి కప్పిన ఇల్లు. వాన వస్తే ఇంట్లో గిన్నెలన్నీ నేల మీదికి దిగేవి. అన్నం వండుకోవడానికి గిన్నె మిగిలేది కాదు. పెళ్లయిన రెండేళ్లకు జ్ఞానమ్మ కడుపుతో ఉంది. అయిదో నెల. ఆ పొద్దు కప్పును చూస్తూ అంది కదా:

"ఏమయ్యా, నాకు సీరలొద్దు, సొమ్ములొద్దు. బిడ్డ నెత్తిన ఒక్క సుక్క కూడా పడకూడదు. ఇంతే నేనడిగేది."

"పెంకులు వేయిస్తా."

"దుడ్డు యాడిది?"

"అప్పు చేస్తా. ఊరికే అప్పు కాదు, అన్నిటికంటే సవకైన అప్పు."

ఆ మాట అన్నప్పుడు నా మొహంలో ఎంత వెలుగో. పలక తెచ్చి పట్టిక గీసినాను. కావలసింది మూడు వందలు. ఊళ్లో సావుకారి వడ్డీ నూటికి నెలకు రూపాయి. సొసైటీలో తక్కువే కానీ ఇద్దరు జామీను కావాలి. మా బడిలో ఎవరిని అడిగినా ఆ పొద్దే వాళ్లకు కడుపునొప్పి వచ్చేది. ఇక మిగిలింది పుంగనూరులో మా బావ. జ్ఞానమ్మకు పెద్దన్న, బెల్లం మండీ ఆయనది.

పుంగనూరుకు పోయినాను. పెట్రోలు కరువుకు బస్సులు బొగ్గుతో నడిచే కాలం. మిట్ట వచ్చినప్పుడల్లా మేము దిగి తోసినాము, టిక్కెట్టు మాత్రం మేమే కొన్నాము. బావ మజ్జిగ తాపించి, సంగతంతా విని అన్నాడు:

"ఇస్తానప్పా. నూటికి ముప్పావలా."

"సొంత సెల్లెలి దగ్గర గూడా వడ్డీనా బావా?"

"మందికి రూపాయి, నీకు ముప్పావలా. వడ్డీ తీసుకుంటేనే రేపు మీ ఇంటికొచ్చి నేను సల్లగా సంగటి తినిపోయేది. ఊరికే ఇచ్చినానంటే, వచ్చినప్పుడల్లా నిన్ను ఏదో ఒకటి అడగాలనిపిస్తాది."

ఎంత మంచి మాట చెప్పినాడో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు వినపడింది ముప్పావలా ఒక్కటే. మూడు వందలకు నెలకు రెండు రూపాయల నాలుగణాలు. నా రోషం నన్ను మళ్లీ బస్సెక్కించింది. బస్సు తోయడానికి కూడా బలం వచ్చింది.

ఆ వారమే సంతలో మునుస్వామప్ప దొరికినాడు. కుప్పంలో చింతపండు వ్యాపారి, మా ఊరి సంతకు వచ్చిపోతుంటాడు. నా బాధ విని నింపాదిగా అన్నాడు:

"వడ్డీ నాకొద్దు అయివారా. ఇల్లు భోగ్యానికి రాసియ్యి. మూడు వందలు ఎప్పుడిస్తావో అప్పుడే ఇయ్యి."

భోగ్యమంటే మా వైపు తెలియనివాళ్లు లేరు. అప్పిచ్చినాయన వడ్డీ అడగడు. దాని బదులు, అసలు చేతికొచ్చేదాకా మన పొలమో ఇల్లో ఆయన అనుభవిస్తాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే అడిగినాను:

"మీరు కుప్పంలో ఉండారు. మా ఇంట్లోకి యాల వస్తారు?"

"నేనెందుకొస్తానప్పా? మీ ఇల్లు సూస్తినే. ఆ బోద కింద గొడ్డు గూడా ఉండదు."

నా ఇంటిని తిట్టినందుకు అంత సంతోషపడినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆయన రాడు, వడ్డీ లేదు. పలక మీద ముప్పావలా తుడిచేసి సున్నా వేసినాను. ఎంత గుండ్రంగా వచ్చిందో.

జ్ఞానమ్మ పలక చూసింది. "పత్రంలో ఏముంటాది?"

"ఇల్లు ఆయన అనుభవించొచ్చని."

"వస్తే?"

"కుప్పం యాడ, మదనపల్లె యాడ. ఏమే, లెక్కలు చెప్పేది నేనా నువ్వా?"

ఆమె పలక నా చేతికిచ్చి పొయ్యి దగ్గరికి పోయింది. అప్పుడైనా నాకు భయం వేయాల్సింది.

కుప్పం పోయి సంతకం పెట్టి దుడ్డు తెచ్చినాను. పని జరిగినన్నాళ్లు ఉండడానికి ఎదురుగా ఉన్న మట్టిమిద్దె బాడుగకు తీసుకున్నాను. నెలకు అయిదు రూపాయలు, ఒక్క నెలే కదా అని. బోద దిగింది, వాసాలు ఎక్కినాయి, ఎర్రటి పెంకులు పరిచినారు. రోజూ బడి వదలగానే వచ్చి ఒక్కో వరుసా ఎంచుకునేవాణ్ణి. సున్నం కొట్టించి, ఆదివారం కొత్తింట్లో ప్రార్థన పెట్టుకుందామని పాస్టరు గారికి కూడా చెప్పినాను.

శనివారం ఇంటి ముందర ఒక ఎద్దుల బండి నిలిచింది. రెండు ట్రంకు పెట్టెలు, ఒక రుబ్బురోలు, చింతపండు గంప, ఒక చిన్న వయసు ఆడమనిషి. ముందర మునుస్వామప్ప.

"మా బిడ్డ కనకమ్మ. అల్లునికి ఈ ఊరికి బదిలీ అయ్యింది అయివారా, ఫారెస్టు గార్డు."

"మీరు రానంటిరి కదా."

"బోద ఇంటికి రానంటి. ఇప్పుడు పెంకులేసినావు గదప్పా. మా బిడ్డ కోసమే వేయించినట్టు ఉండాది." నిజంగా మెచ్చుకునే అన్నాడు. అదే నాకు ఇంకా మండింది.

పత్రం నాది, సంతకం నాది. రుబ్బురోలు దించడానికి ఒక చెయ్యి కూడా నాదే.

మేము మట్టిమిద్దెలోనే మిగిలిపోయినాము. నెలకు రెండు రూపాయల నాలుగణాలు మిగుల్చుకోవడానికి అయిదు రూపాయలు బాడుగ కడుతున్న లెక్కల అయివారు జిల్లా మొత్తంలో ఇంకొకడు ఉంటే చూపించండి, దండం పెడతాను. జ్ఞానమ్మ ఆ పలకను గోడకు తగిలించింది, సున్నా కనపడేటట్టు.

పాప పుట్టింది. నెల తిరగకముందే ముసురు పట్టింది. ఆదివారం నేను మిషను గుడినుంచి వచ్చి ఇట్లా కూర్చున్నానో లేదో, మిద్దె కారడం మొదలుపెట్టింది. మొదటి సుక్క సరిగ్గా పాప నుదుటి మీద పడింది. జ్ఞానమ్మ నన్ను చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. నేను గొడుగు తెరిచి పాప మంచం మీద పట్టుకుని నిలబడినాను. మంచం ఎటు జరిపినా సుక్క అటే వచ్చింది.

ఎదురు వాకిట్లోనుంచి కనకమ్మ ఇదంతా చూస్తా ఉంది.

"అక్కా, ఆ బిడ్డనెత్తుకోని ఈడికి రా. ఈడ సుక్క గూడా కారల్యా."

జ్ఞానమ్మ పాపను కొంగులో చుట్టుకుని లేచింది. గొడుగు పట్టుకుని నేనూ వెనకే పోయినాను. మా వాకిట్లో, మా గడప ముందర, కనకమ్మ మర్యాదగా అడ్డం వచ్చింది.

"అన్నా, నువ్వు ఆడ్నే ఉండు. మా ఆయన అడవి డ్యూటీకి పోయుండాడు. మొగోళ్లను లోపలికి రానీవద్దని మా నాయన సెప్పిపోయినాడు."

మూడు దినాలు ముసురు విడవలేదు. మూడు దినాలూ మా ఆవిడ, మా పాప నా ఇంట్లో ఉన్నారు. నేను ఎదురింట్లో గొడుగు కింద కూర్చుని నా పెంకుల మీదనుంచి నీళ్లు జారడం చూసినాను. ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిందో, బిడ్డ పొడిగా ఉందన్న నెమ్మదితో వచ్చిందో నాకే తెలియలేదు. జ్ఞానమ్మ అడిగింది ఒక్కటే, అది ఇంకొకరి దయతో తీరింది.

వాన నిలిచిన రోజే పుంగనూరు పోయి బావ ముందర తల వంచుకుని నిలబడినాను. ఆయనకు సంగతి ముందే తెలుసు. మూడు వందలు ఎంచి ఇచ్చి, "అదే ముప్పావలా" అన్నాడు. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు అడిగినాడు:

"పెంకులు బాగుండాయా?"

"బాగుండాయి బావా. ఎదురింట్లోనుంచి సూస్తే ఇంకా బాగుండాయి."

మునుస్వామప్ప దుడ్డు తీసుకుని పత్రం తిరిగిచ్చినాడు. కనకమ్మ వేరే ఇల్లు చూసుకుని పోతా పోతా పాపకు చింతపండు గంప వదిలిపోయింది. మేము మా ఇంట్లో చేరిన పొద్దే మళ్లీ వాన. నేను గర్వంగా కప్పు వైపు చెయ్యి చూపించి, "సూస్తివా, ఒక్క సుక్క లేదు" అన్నాను.

"నాకు తెలుసులేయ్యా," అంది జ్ఞానమ్మ పాపను ఊపుతా. "నేను ముందే మూడు దినాలు పండుకున్నా గదా."

ఆ పొద్దే ఎక్కాల పుస్తకం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసినాను. ఇక మీదట ఎవరైనా నాకు అప్పిస్తామంటే వడ్డీ ఎంతని ముందు అడగను. వానొస్తే నేను యాడ పండుకోవాలో అడుగుతాను.