నాలుగు బోల్టుల బండి

ఫిబ్రవరి, బుధవారం. స్థలం: సూరత్‌లోని డిండోలి. హాజరైనవారు: బావమరిది, మా ఆవిడ, మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు మేడమ్, నేను, వ్యాను. (వ్యానును హాజరులో ఎందుకు వేశానంటే, ఆ రోజు ఎవరెంత చెప్పినా చోటు విడవకుండా ఆసాంతం ఉన్నది అదొక్కటే.)

ఆ రోజుల్లో, అంటే నేను రిటైరైన కొత్తలో, నా అంత కుర్రవాడు సూరత్ మొత్తంలో ఉండి ఉండడు. అందరూ ఇరవై ఏళ్లప్పుడు చేసే తిక్క పనులు నేను చేయలేదు. నా ఇరవైలన్నీ బట్టల మిల్లు ఆఫీసులో షిఫ్టుల పట్టీలు రాయడంలోనే గడిచిపోయాయి. ఉద్యోగం అయిపోయిన మర్నాడు పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్లనక్కర్లేదని గుర్తొచ్చి కుర్చీలో కూర్చున్నాను. అలా కొన్ని వారాలు ఇస్త్రీ చొక్కాతోనే కూర్చున్నాక, దేవుడు పంపినట్టు బావమరిది వచ్చాడు.

వాడు గోడాదరాలో మగ్గాల మేస్త్రీ. ముప్ఫై ఏళ్లు ఆ చప్పుడులో ఉండి చెవులు సగం మూతపడ్డాయి. ఇంకా అక్కడే ఉంటే మిగిలిన సగమూ పోతుందని డాక్టరు చెప్పాడు. అందుకని మగ్గం మానేసి, ఒక పాత వ్యాను కొని దాన్ని వంటగదిగా మార్పించాడు. ఇక్కడి మన తెలుగువాళ్లకు ఇడ్లీ, దోశ, సర్వపిండి అమ్మాలని వాడి ఆశ. లైసెన్సు వస్తే బతుకు అక్కడ, రాకపోతే మళ్లీ మగ్గాల మధ్యకే. ఫిబ్రవరి దాటకుండా తిరిగొస్తే నీ చోటు నీదేనని మగ్గాల సేఠ్ కబురు కూడా పెట్టాడు. "లైసెన్సు పని నువ్వే జూడాలె బావా. కాయితాలంటే నాకు బుగులు," అని వాడు నాకు గుట్టుగా చెబితే ఎదురింటివాళ్లు కిటికీ తెరిచి చూశారు. (మగ్గాల దగ్గర పనిచేసినవాళ్లు గుసగుసలాడటం ఏనాడో మరిచిపోయి ఉంటారు.)

ఇక చూడండి నా ఉత్సాహం. బండి మీద తిండి అమ్మాలంటే ఇన్ని ఆఫీసులు ఒప్పుకోవాలని నాకు అప్పుడే తెలిసింది. వంట శుభ్రంగా ఉందని ఒకరు, గ్యాసు జాగ్రత్తగా ఉందని ఒకరు, వండేవాడికి అంటురోగాలు లేవని ఒకరు, వ్యానును మార్చడం సబబేనని ఇంకొకరు. రోజూ ఇస్త్రీ చొక్కాకు పని దొరికింది. కాగితాలన్నీ రంగురంగుల చీటీలు అంటించి ఒక ఫైలులో పెట్టాను. అంత అందమైన ఫైలు నా సర్వీసులో కూడా తయారు చేయలేదు.

చిక్కల్లా గ్రైండరుతో వచ్చింది. పిండి రుబ్బడం మొదలుపెడితే వ్యాను మొత్తం ఊగేది. గరిటెలు కొక్కేల నుంచి జారేవి, సాంబారు గిన్నె అంచు దాటేది. బావమరిది వంగి చక్రాలను చూశాడు. "ఇది మగ్గం ఊగినట్టే ఊగుతాంది బావా. కింద ఫౌండేషన్ లేకుంటే ఏ మిషనన్నా నిలుస్తదా?" అన్నాడు. బిగించని మగ్గం నేల మీద నడుస్తూ పోతుందని మిల్లులో అందరికీ తెలుసు. నాకూ అది న్యాయంగానే తోచింది. బండి నిలపడానికి అద్దెకు తీసుకున్న సిమెంటు నేలకు రంధ్రాలు వేసి, నాలుగు ఫౌండేషన్ బోల్టులు దింపి, వ్యాను చట్రాన్ని నేలకు బిగించేశాడు. నట్లు వదులవకుండా బోల్టుల తలలు సుత్తితో అణగగొట్టాడు. "ముప్ఫై ఏండ్లల్ల నేను బిగిచ్చిన బోల్టు ఒక్కటి ఊడలే," అన్నాడు. నేను బల్ల మీద గ్లాసు నిండా నీళ్లు పెట్టి గ్రైండరు వేయించాను. చుక్క ఒలకలేదు. ఆ రోజు డైరీలో "వ్యాను స్థిరపడింది" అని రాసి కింద గీత కూడా గీశాను.

బుధవారం మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు మేడమ్ వచ్చింది. చిన్న వయసు, గుజరాతీ అమ్మాయి. ఫైలు తిరగేసి, "కాకా, ఫైల్ తో బౌ సరస్ ఛే," అని, ఫైలు చాలా బాగుందని మెచ్చుకుంది. నా ఛాతీకి చొక్కా చాలలేదు. తర్వాత పెన్ను తీసి, "ఇక బండిని ఒక్కసారి రోడ్డు దాకా నడిపి చూపించండి. సంతకం పెట్టేస్తాను," అంది.

నేనూ బావమరిదీ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వాడు ఎందుకో గానీ ఆశ వదలక, ఎక్కి ఇంజను వేసి గేరు మార్చాడు. వ్యాను గర్జించింది, పొగ వదిలింది, ఉన్నచోటే ఉంది. మేడమ్ వంగి కిందకు చూసింది. చాలాసేపు లేవలేదు. లేచాక, నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "కాకా, అమ్మకం అయిపోగానే చక్రాల మీద వెళ్లిపోయేదే బండి. నాకు అధికారం దాని మీదే. దీనికి పునాది ఉంది. పునాది ఉన్నదాన్ని చూడాల్సింది ఇళ్లకు అనుమతులిచ్చేవాళ్లు."

"మేడమ్, మాది కొంచెం నిలకడైన బండి," అన్నాను. (ఇంతకన్నా తెలివైన మాట నాకు ఈ రోజు వరకు తట్టలేదు.)

ఆమె జాలిపడింది. రేపు ఉదయం ఆఫీసుకు ఇదే దారిన వెళ్తానని, అప్పటికి వ్యాను మెయిన్ రోడ్డు మీద కనబడితే సరేనని, లేకపోతే తిరస్కరించినట్టు రాయక తప్పదని చెప్పి వెళ్లిపోయింది.

వెంటనే పానాలు పట్టుకున్నాం. బావమరిది పానా మీద వేలాడాడు, నేను బావమరిది మీద వేలాడాను. నట్టు కదిలితేనా? "ముప్ఫై ఏండ్లల్ల నేను బిగిచ్చిన బోల్టు ఒక్కటి ఊడలే బావా," అని వాడు మళ్లీ అన్నాడు. ఈసారి గొంతు వేరు. కట్టర్ తెచ్చి కోసేద్దామంటే వాడికి మనసొప్పలేదు. "మంచి పనిని పాడు జేసుడేంది?" అని నేల మీద కూర్చున్నాడు.

అప్పటిదాకా మా ఇద్దరినీ చూస్తూ చింతపండు పిసుకుతున్న మా ఆవిడ చేయి కడుక్కుని వాడి చెవి దగ్గరికి వచ్చింది. "తమ్మీ, గీ చెవులకోసమే గదరా మగ్గం ఇడిసిపెట్టినవ్. ఇప్పుడు నాలుగు బోల్టులు ముద్దొచ్చి మల్ల ఆడికే పోతవా?" అంది. వాడు లేచి పక్క వీధిలో కట్టర్ అడిగి తెచ్చి, ఎవరినీ ముట్టనీయకుండా తన బోల్టులు తానే కోశాడు. పొద్దు గూకేలోపు వ్యాను చక్రాల మీద నిలబడింది. గ్రైండరు మా ఇంటి వెనక వరండాకు చేరింది.

మర్నాడు ఉదయం మేడమ్ స్కూటరు మలుపు తిరిగేసరికి వ్యాను మెయిన్ రోడ్డు మీద ఉంది. బావమరిది దాన్ని ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. ఆనందం పట్టలేక, అడగకపోయినా ఇంకో చుట్టూ తిప్పాడు. ఆమె సంతకం పెట్టి, ఇడ్లీ తిని, పిండి ఎక్కడ రుబ్బారని అడిగింది. మా వరండాలో అన్నాను. "దాన్ని దేనికీ బిగించలేదు కదా, కాకా?" అంది. నేను చట్నీ వడ్డించాను.

అమ్మకం ముగిశాక సామాను సర్దుకోవడానికి సిమెంటు నేల దగ్గరికి వెళ్లాం. తెగిన బోల్టులు నాలుగు నేలలోంచి మెరుస్తున్నాయి. వాటి మధ్య నా కుర్చీ వేసుకుని, ఇస్త్రీ చొక్కాతో, ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. లైసెన్సు వచ్చేసింది. ఇక రేపటి నుంచి నాకేం పని అని ఆలోచిస్తుంటే, వ్యాను కదిలి కొంత దూరం పోయి ఆగింది. కిటికీలోంచి బావమరిది తల బయట పెట్టి, వీధి మొత్తానికి వినబడేలా అరిచాడు.

"ఎక్కు బావా, పొద్దుపోతాంది. నిన్ను గూడ బిగిచ్చిన్నా ఏంది?"

కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని, ఆ వయసులో చేతనైనంత పరుగు తీశాను.