కరుణశ్రీ కూర్చున్న కుర్చీ

మా పెళ్లి రీలులో ఆఖరి ఫొటో మాది కాదు. 2003లో తెనాలి స్టూడియో నుంచి ఫొటోలు తెచ్చి చూస్తే, అప్పగింతల తర్వాత ఎవరో ఆడమనిషి కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉంది. మా అత్తగారు మంగాయమ్మ దాన్ని మంచం మీదికి విసిరేశారు.

"శుభమా అని పెళ్లి చేసుకుంటే ఇదేం దరిద్రమే!"

నాలుగు దులిపి వద్దామని నేనే వెళ్లాను. కౌంటర్ దగ్గర ఉన్నది ఆ మనిషే. పేరు కరుణశ్రీ, రేపల్లె ఆడపడుచు, స్టూడియో ఆశీర్వాదంగారి భార్య. ఫొటో చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

"రీలు చివర ఒకటో రెండో మిగులుతాయండి. ఆయన ఊరికే గోడకేసి నొక్కేస్తారు. వాటితో నన్ను నేనే ఫొటో తీసుకుంటాను. మీ ఫొటోల్లోంచి నాది పక్కకి తీసెయ్యడం మర్చిపోయానండి."

లోపల అట్టపెట్టె విప్పి చూపించింది. తొమ్మిదేళ్ల ఫొటోలు, అన్నిట్లో అదే కుర్చీ. స్టూడియోలో అది మొగుడి కుర్చీ. పెళ్లాం పక్కన నిలబడి దాని మీద చెయ్యి వెయ్యాలి. ఏ మహానుభావుడు పెట్టాడో ఆ రూలు! మా ఫొటోలోనూ నేను నిలబడే ఉన్నాను. ఈవిడ మాత్రం పట్టుచీరలో, నైటీలో, మొగుడి ప్యాంటులో, జ్వరంతో, ఏడుస్తూ, నవ్వుతూ, కూర్చునే ఉంది.

"ఇవన్నీ ఒక్కసారి గోడకు తగిలించాలని ఉందండి. ఒక్కరైనా నవ్వకుండా చూస్తే చాలు."

గిరాకీ పోతుందని ఆశీర్వాదంగారు మూడేళ్లు ఒప్పుకోలేదు. డిజిటల్ కెమెరా కొన్నాక, ఇక మిగిలే రీళ్లే లేవు గదా అని జాలేసిందేమో, ఒక్క రోజుకు సరేనన్నారు.

చర్చి పక్క హాల్లో నూట పన్నెండు ఫొటోలు తగిలించింది. వాటి ముందు ఆ కుర్చీ వేసుకుని, కాలు మీద కాలు వేసి, పలకకుండా కూర్చుంది. వచ్చినవాళ్లు వచ్చినట్టే కిసకిస నవ్వి పోయారు. మధ్యాహ్నానికి ఆమె కళ్లు నిండాయి. అయినా లేవలేదు. నాకే ఏడుపొచ్చింది.

నాలుగింటికి మా అత్తగారు వచ్చారు. ఇక అయిపోయిందనుకున్నాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుంటూ ఒక్కో ఫొటో దగ్గరా ఆగారు. నవ్వలేదు. చివరికి కుర్చీ దగ్గరికి వచ్చి, "లేమ్మా," అన్నారు.

కరుణశ్రీ లేచింది. అత్తగారు కూర్చున్నారు.

"నా పెళ్లప్పుడు ఉపవాసంతో కళ్లు తిరుగుతున్నా నిలబెట్టే తీశారు. మా ఆయన హాయిగా కూర్చున్నారు. ఇప్పుడు తియ్యి."

"నేను తియ్యనండి," అంటూ కరుణశ్రీ, దాచుకున్న ఆఖరి రీలు వేసిన పాత కెమెరాను స్టాండు మీద పెట్టింది. దానికున్న పొడుగాటి రబ్బరు గొట్టం చివరి బుడ్డిని అత్తగారి గుప్పిట్లో ఉంచింది. "నేనూ ఇలాగే తీసుకున్నాను. మీరే నొక్కాలి పిన్నిగారూ."

ఆవిడ కాలు మీద కాలు వేసుకుని, పళ్లు బిగించి నొక్కారు.

రీలు కడిగి చూస్తే, ఫొటోలో ఆవిడ కళ్లు మూసుకుపోయాయి. ఇంకొకటి తీసుకోమంటే అత్తగారు ఒప్పుకోలేదు.

"ఇదే ఉండనీ. కాళ్లు నొప్పెట్టకుండా నేను దిగిన ఫొటో ఇదొక్కటే."