కృప పేరున్న కంప్యూటర్లు

మొన్న కోదాడలో నా రిపేరు షాపుకు ఒకాయన పాత సీపీయూని గోనెసంచిలో పెట్టుకుని తెచ్చాడు. “అమ్మా, దీంట్లో మా అమ్మాయి పెళ్ళి ఫోటోలున్నాయి, ఎట్టాగైనా తియ్యాలి” అన్నాడు. ప్లగ్గు పెట్టి ఆన్ చేశాను. లోపల హార్డ్‌డిస్క్ టిక్కుటిక్కుమని కొట్టుకుంది, కాసేపు ఆగింది, మళ్ళీ కొట్టుకుంది. పోయే ముందు డిస్క్ చేసే చప్పుడది. ఈ పనిలో ఉన్నవాళ్ళకు మామూలే. నాకు మాత్రం అది వింటే చేతులు ఒక్క క్షణం ఆగిపోతాయి, దానియేలు సార్ గుర్తుకొస్తారు.

సూర్యాపేటలో మార్కెట్ యార్డుకు పోయే దారిలో సార్‌కు చిన్న కంప్యూటర్ షాపుండేది. డిగ్రీ అయ్యాక రోజూ నేరేడుచర్ల నుంచి బస్సెక్కి వచ్చి నేను అక్కడే పని నేర్చుకున్నాను. మనిషికి కోపం ముక్కు మీదే. స్క్రూడ్రైవర్ ఒకచోట తీసి ఇంకోచోట పెడితే ఇల్లు పీకి పందిరి వేసేవారు. ఆ మనిషే కూతురు కృప బడి నుంచి రాగానే వెన్నలా కరిగిపోయేవారు. ఆ పిల్లకు ఒకటే పిచ్చి, బస్టాండులో అనౌన్స్‌మెంట్ చేసే ఆవిడ గొంతును అచ్చంగా దించెయ్యడం. షాపుకొచ్చిన రైతులు కూడా నిలబడి వినేవారు.

షాపులో తయారైన ప్రతి కంప్యూటర్‌కూ లోపల ఒక పేరు పెట్టాలి. వైరుతో కలిపినప్పుడు అవి ఒకదాన్నొకటి ఆ పేరుతోనే పిలుచుకుంటాయి. మిగతా షాపులవాళ్ళు ఏదో నంబరు పెట్టేవారు. మా సార్ అన్నిటికీ కృప అనే పెట్టేవారు. జిల్లాలో ఎన్ని ఇళ్ళలో ఆ పిల్ల పేరు ఉండేదో ఆయనకే తెలియదు. ఇంటికి ఒక్క కంప్యూటరే ఉన్నన్నాళ్ళూ దానితో ఏ చిక్కూ రాలేదు.

చిక్కు మిర్యాలగూడలో వచ్చింది. ఒక రైస్‌మిల్లు ఓనరు ఇంట్లో కింద ఆఫీసు గదిలో ఒకటి, మేడ మీద ఒకటి, రెండూ మా షాపువే. కింది ఫైళ్ళు మీద తెరుచుకోవడం లేదు. నేను పొద్దుటి నుంచి కేబుళ్ళు పీకి పెట్టి, పెట్టి పీకి విసిగిపోయాను. సార్ వచ్చి ఒక్క చూపు చూసి పకపకా నవ్వారు.

“రెండిట్ల కృపనే ఉన్నది. ఒక ఇంట్ల ఇద్దరికి ఒకటే పేరు పెడితే ఎవల్ని పిలిస్తె ఎవలు పలుకుతరు?”

“మరి తప్పెవరిది సార్?”

“నాదే. నీకేమన్న బాధనా? ముందుగాల నీళ్ళు తాగు.”

పైదాని పేరు చిటికెలో మార్చేసి, తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు పాఠం చెప్పారు. “కేబుల్ సూడు, లైట్ సూడు, పేరు సూడు. ఒకపారి ఒక్కటే మార్చు. రెండు కలిపి మారిస్తె ఏదాని వల్ల బాగయిందో దేవునికి గూడ తెల్వది.”

తర్వాతి వానాకాలంలో కృపకు జ్వరం వచ్చింది. హైదరాబాద్ దాకా తీసుకుపోయారు. పిల్ల దక్కలేదు. సార్ మళ్ళీ షాపు తెరిచారు గానీ ఆ కోపం ఎటుపోయిందో పోయింది. అరవని సార్‌ను చూస్తే నాకు భయమేసేది. తిట్టినా బాగుండునని ఒకరోజు కావాలనే స్క్రూడ్రైవర్ తప్పుచోట పెట్టాను. ఆయన ఏమీ అనకుండా వెతుక్కున్నారు. కొత్త కంప్యూటర్లకు కృప పేరు పెట్టడం మాత్రం మానలేదు.

చాలా రోజుల తర్వాత, ఎండాకాలంలో ఒక ఆదివారం సార్ భార్య మార్తక్క ఫోన్ చేసింది. “సరితా, జర ఇంటికొస్తవా? మీ సార్ పొద్దటి సంది ఆ కంప్యూటర్ల ముందట్నే కూసున్నడు. చర్చికి గూడ రాలె.”

వాళ్ళింట్లో లోపలి గదిలో ఉన్నది కృప వాడిన కంప్యూటర్, బాగా పాతది. పిల్ల పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. హాల్లోది మార్తక్క ట్యూషన్ల కోసం సార్ ఆ తర్వాత తయారుచేసింది. పాతదాంట్లో కృప మైకు పెట్టుకుని రికార్డు చేసిన మాటలున్నాయి. ఆ పిల్ల గొంతు ఇంకెక్కడా లేదు. ఆ రోజు సార్ ధైర్యం చేసి ఆన్ చేస్తే డిస్క్ కొట్టుకోవడం మొదలైంది. ఆపితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. పెన్‌డ్రైవ్‌ను గుర్తుపట్టే కాలపు కంప్యూటర్ కాదది. వైరు మీదుగా ఫైళ్ళను హాల్లో కంప్యూటర్‌లోకి పంపడం ఒక్కటే దారి. కానీ రెండూ ఒకదానికొకటి కనబడటం లేదు.

నేను వెళ్ళేసరికి సార్ కేబుల్ మార్చారు, రెండిటి వైర్లనూ కలిపే స్విచ్ డబ్బా మార్చారు. లైట్లు పచ్చగా వెలుగుతూనే ఉన్నాయి. హాల్లో తెర మూలన, ఇదే పేరుతో ఇంకో కంప్యూటర్ ఉందని హెచ్చరిక వస్తోంది. సార్ దాన్ని చదవకుండానే మూసేసి మళ్ళీ కేబుల్ బిగిస్తున్నారు. మిర్యాలగూడలో ఒక్క చూపుతో పట్టేసిన మనిషి. అప్పుడు నాకు అర్థమైంది. పేరు మారిస్తే కంప్యూటర్ ఆగి మళ్ళీ లేవాలి. పాతదాన్ని ఆపలేం కాబట్టి మార్చాల్సింది హాల్లోదానికే. పాతది ఇవాళో రేపో పోతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ కంప్యూటర్‌కూ కృప పేరుండదు.

“సార్, పేరు...” అన్నాను.

“తెల్సు. నాకు తెల్వదా? నేనే పెట్టిన గద” అన్నారు తెర మీంచి చూపు తిప్పకుండా.

నేను కీబోర్డు మీదికి చెయ్యి చాపాను. మార్తక్క నా మణికట్టు పట్టుకుంది. “నువ్వొద్దు బిడ్డా. ఆయన్నే కొట్టనియ్యి.”

ఆమె వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. లోపలి గదిలో డిస్క్ కొట్టుకుంటూనే ఉంది. కరెంటు పోతే అంతే సంగతులని నేను తిరుగుతున్న ఫ్యాను వైపే చూస్తున్నాను. మార్తక్కకు నాకంటే ఎక్కువ భయం ఉండి ఉంటుంది, ఆ గొంతు ఆమె బిడ్డది. అయినా ఆయన్ని తొందరపెట్టలేదు.

చివరికి సార్ అడిగారు. “ఏం పెట్టాలె?”

“హాల్ల ఉన్నది గద. హాల్ అని పెట్టు.”

ఆయన పేరులోని అక్షరాలను ఒక్కొక్కటే చెరిపారు. చూడలేక నేను స్విచ్ లైట్ల వైపు తిరిగి నిలబడ్డాను. కంప్యూటర్ ఆగి మళ్ళీ లేచింది. ఈసారి రెండూ కలిశాయి. ఫైళ్ళు నింపాదిగా రావడం మొదలైంది. డిస్క్ మధ్యలో ఆగినప్పుడల్లా మార్తక్క కళ్ళు మూసుకునేది. అన్నీ రాలేదు, కొన్ని వచ్చాయి.

సార్ ఒకటి తెరిచారు. “ప్రయాణికులకు మనవి. కోదాడ పోవు బస్సు... డాడీ, నవ్వకు! రికార్డ్ అయితంది!” వెనకాల సార్ నవ్వు కూడా ఉంది. ఆ నవ్వు విని ఆయన భోరుమన్నారు. పిల్ల పోయిన తర్వాత ఆయన ఏడవగా మేం చూడటం అదే మొదలు. మార్తక్క ఆయన తలను ఒళ్ళోకి తీసుకుంది. సాయంత్రానికి పాత కంప్యూటర్ దానంతటదే ఆగిపోయింది.

పాత పేరు మళ్ళీ పెట్టనా అని తర్వాత అడిగాను. “వద్దు. ఉండనియ్యి” అన్నారు. అప్పటి నుంచి ఏం పేరు పెట్టాలో కొనేవాళ్ళనే అడిగేవారు.

సార్ ఇప్పుడు లేరు. కేబుల్, లైట్, పేరు అన్న వరుసను నేను ఇంకెవరి దగ్గరైనా నేర్చుకునేదాన్నే. ఆ ఆదివారం ఆ ఇంట్లో నేర్చుకున్నది మాత్రం వేరు. తెలియక ఆగిపోయిన మనిషికి చెబితే చాలు. తెలిసీ చెయ్యి ఆడక ఆగిపోయిన మనిషికి చెప్పేదేమీ ఉండదు. ఈమధ్య ఒకావిడ చనిపోయిన భర్త పాస్‌వర్డ్ తీసెయ్యమని వచ్చింది. తీరా నేను మొదలుపెట్టబోతే వద్దంది. ఇంకాసేపటికి సరేనంది, మళ్ళీ వద్దంది. మా షాపు పిల్లలు “ఒక్క నిమిషం పని మేడం, చేసేద్దాం” అని గుసగుసలాడారు. నేను కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాను. కీబోర్డును ఆవిడ ముందే ఉంచాను.