నకలు కూడా ఎదగాలి

పై వాటాలోని కంప్యూటర్ అమ్మాయి ఏం పని చేస్తుందో తెలిసేదాకా నాకు ముద్ద దిగలేదు. ఓ మధ్యాహ్నం మెట్లెక్కి అడిగేశాను.

ఆసుపత్రిలో రోగులను వరసగా పిలిచే ప్రోగ్రాం ఆమె చేతిలో ఉంది. మొదట రాసినవాళ్లు ఎక్కడో ఉన్నారు. ఎవరైనా నకలు తీసుకోవచ్చట. ఈమె తీసుకుని, పేరు పైకి చదివి పిలిచేలా సొంతంగా కొంత కలిపింది. ఆమె తండ్రికి చూపు లేదు. పేరు తెర మీదికి వచ్చిపోయినా తెలియక ఆయన ఓసారి సాయంత్రం దాకా బల్ల మీదే కూర్చున్నాడు.

"కలిపేశావుగా, ఇంకేం పని?" అన్నాను.

"అసలువాళ్లు బాగుచేస్తూనే ఉంటారు పిన్నిగారూ. అవన్నీ నా నకల్లోకి తెచ్చుకోవాలి. లేకపోతే పాత కంతల్లోంచి దొంగలు దూరతారు."

"తెచ్చుకో. ఎవరొద్దన్నారు?"

"వాళ్లు మార్చిన చోటే నేనూ మార్చుంటే, ఏది ఉంచాలో నేనే తేల్చాలి. ఆ విసుగుకి చాన్నాళ్లు ముట్టుకోలేదు. ఇప్పుడు కొండంతయింది."

అంట్లు ఏపూటకాపూట తోమకపోతే అంతే మరి.

ఇంతలో ఆమె పైఅధికారి ఫోను. "అన్నిచోట్లా వాళ్లదే ఉంచెయ్యమ్మా. సోమవారానికి కావాలి. ఆ గొంతు సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాతంటే ఇక లేనట్టే సార్. సోమవారానికి రెండూ ఇస్తాను" అని పెట్టేసింది.

ఆదివారం మళ్లీ వెళ్లాను. ఒక్కొక్క చోటే చూసి తేల్చిందట. తెర మీద తప్పన్నది లేదు. ఆమె మొహం మాత్రం వాడిపోయి ఉంది.

"అంతా కలిసిపోయింది పిన్నిగారూ. దీనికి గొంతే పెగలట్లేదు."

పేరు దాచే అరను అసలువాళ్లు వేరేచోటికి మార్చారు. ఈమె రాసిన ముక్క ఇంకా పాత అరలోనే వెతుకుతోంది. ఖాళీ అర చదివితే ఏం పలుకుతుంది? అది కనిపెట్టేసరికి పొద్దు వాలింది. దిద్ది, రోగి పేరు దగ్గర నన్ను రాసింది.

"పిన్నిగారు, మూడో గదికి రండి" అంది యంత్రం.

"వస్తున్నానుండు" అన్నాను, నోరు ఊరుకోక. ఆ పిల్ల పడీపడీ నవ్వింది.

ఇప్పుడామె వాయిదా వెయ్యదు. పొద్దున్నే ముందు అసలుకేసి చూసొస్తుంది. నేను మెట్ల మీదనుంచే అడుగుతాను.

"ఇవాళేం మార్చారే?"

"ఒక్క వరసే పిన్నిగారూ. కలిపేశాను."

"పలికించి చూశావా?"

"అదిగో, చూస్తున్నా."