షెడ్డుకి మోసుకెళ్ళిన మంచం

పెళ్ళై ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సుకి కాపురానికొచ్చిన కొత్తలోనే నా ఒంటి మీద దద్దుర్లు లేచాయి. మా అత్తగారు చూసి ఒక్క మాటలో తేల్చేశారు.

"ఈ ఊరి నీల్లు పడనేదు."

శ్రీకాకుళం వైపు నుంచి ఎవరొచ్చినా, వాళ్ళకి తలనొప్పి వచ్చినా జుట్టు రాలినా, మా క్వార్టర్ల లైనులో చెప్పే కారణం అదొక్కటే. మా ఆయన అదే మంచం మీద నా పక్కనే పడుకునేవారు. ఆయన ఒంటి మీద మచ్చ కూడా లేదు. దాంతో తప్పు నా ఒంటిదే అయింది.

వేపాకు నూరి పూశారు, పసుపు పట్టించారు. నేను పచ్చగా తయారయ్యానే గాని దురద తగ్గలేదు. చివరికి నీళ్ళు మారితే నయమవుతుందని నన్ను పుట్టింటికి పంపే మాట మొదలైంది. మావగారు రైలు పాసు రాయిస్తానన్నారు. నాకు ఏడుపొచ్చింది. అలా వెళ్ళిన పిల్ల మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. పైగా నాకు ఈ ఊరు నచ్చింది, మా ఆయన మరీ నచ్చారు. ఆ మాట అప్పట్లో పైకి అనకూడదు గనక ఇప్పుడు అంటున్నాను.

ఏడిస్తే పని కాదని ఆ దద్దుర్లనే పరీక్షగా చూశాను. బట్ట తగలని చోట, చేతుల మీద, మెడ మీద, కుట్టు వేసినట్టు వరసగా ఉన్నాయి. నీళ్ళు పడకపోతే ఇంత పద్ధతిగా లేస్తాయా అనిపించింది. దుప్పటి ఎండలో పరిచి చూస్తే సిరా చుక్కల్లాంటి మరకలు. మంచం కోడులో పట్టె దూర్చిన సందులో తలపిన్ను పెట్టి గీరాను. కందిగింజ కన్నా చిన్నది, చదునైన ఎర్రటి పురుగు బయటికొచ్చింది. నలిపితే రక్తం, కంపు. మా ఊరి టూరింగ్ టాకీసు బెంచీల పుణ్యమా అని ఆ కంపు నాకు బాగా తెలుసు. నల్లి! మా ఆయన్నీ కుట్టే ఉంటాయి, ఆయన ఒంటికి దద్దు లేవదంతే.

దొరికింది సరే, చెప్పడమెలా? పొద్దున లేస్తూనే గుమ్మం కడిగే అత్తగారికి, మీ ఇంట్లో నల్లులున్నాయని కొత్త కోడలు చెప్పడమంటే మాటలా? అయినా ఇంకోదాన్ని పట్టి కాగితం మీద పెట్టి చూపించాను.

"నా ఇంట్ల నల్లులేటి! నీ పెట్లో వొచ్చుంటాయి."

"నా పెట్లో సీరలే ఉన్నాయత్తా. ఈ మంచం మా పెల్లికి ముందు వరండాలో ఉండీదట గదా?"

ఆవిడ ఆ కాగితం మడిచి పొయ్యిలో పడేశారు. వర్క్‌షాపులో పని కోసం ఊరి నుంచి వచ్చినవాళ్ళంతా, పని దొరికేదాకా ఆ మంచం మీదే పడుకునేవారు. కాదనకుండా అందరికీ చోటివ్వడం ఆవిడకి గొప్ప. వాళ్ళ పరుపుచుట్టలతోపాటే ఇవీ దిగాయి.

తలుపు వేసుకుని సందుల్లో కిరసనాయిలు పోశాం, మరిగే నీళ్ళు పోశాం. కొన్నాళ్ళకే మళ్ళీ దద్దుర్లు. మా ఆయన లోకో షెడ్డులో ఫిట్టరు.

"మేస్త్రీని అడిగినానమ్మా, ఒప్పుకున్నాడు. మంచం షెడ్డుకి అట్టుకొత్తే ఇంజను ఆవిరి కొట్టిత్తాను, గుడ్లతో సహా సత్తాయి. కానీ లైనంతా సూత్తాది," అనేసి ఆయన డ్యూటీకి వెళ్ళిపోయారు.

మంచం ఎందుకు మోస్తున్నారని అడక్కుండా వదిలే లైను కాదు మాది. అత్తగారు మంచం వైపు చూడకుండా బియ్యం ఏరుతూ కూర్చున్నారు. ఇక నా ప్రయాణం ఖాయమనుకుని చీరలు సర్దుకోవడం మొదలుపెట్టాను.

కాసేపటికి ఆవిడ లేచి, కొంగు నడుముకి దోపి, మంచం ఒక పక్క పట్టుకున్నారు.

"ఆ సీరలు ముందేసుకుని కూకుంటే ఎవులు మోత్తారు? రెండోపక్క అట్టుకో."

ఇద్దరం మంచంతో వీధిలోకొచ్చాం. ఎదురింటి బెంగాలీ దీదీ గుమ్మంలోకి వచ్చి, "కీ హోలో, మాషీమా?" అంటూ ఏమైందని అడిగింది. పక్క వాకిళ్ళలోంచి మనవాళ్ళూ తొంగిచూశారు. నేను తల దించుకున్నాను. అత్తగారు దించుకోలేదు. మంచం కింద పెట్టి, లైనంతా వినేలా అన్నారు.

"మా ఇంట్ల నల్లులున్నాయి. షెడ్డుల ఆవిరి కొట్టిత్తాం. మా కోడలే పట్టినాది. అదెక్కడికీ ఎల్దు."

పెళ్ళినాడు కూడా నాకంత సంతోషం కలగలేదు. మా మధ్య ఉండి తెలుగు పట్టుబడ్డ దీదీ లోపలికెళ్ళింది. మేం మంచం మళ్ళీ ఎత్తేలోగా, తన మంచం కూడా ఈడ్చుకుంటూ బయటికొచ్చింది.