ఎక్కడా ఆగని బొమ్మ

తొంభైలలో ఒక మధ్యాహ్నం సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు పోయే బస్సులో ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. నాకు దాహంగా ఉందని గమనించి తన సీసా ఇచ్చింది. "మా బాయి నీళ్లే. తియ్యగుంటయి, తాగుండ్రి."

నా ఒళ్లో కంప్యూటర్ గీసిన ఫ్రాక్టల్ బొమ్మ ఉంది. పెద్ద పాయలోంచి చిన్న పాయలు, వాటిలోంచి ఇంకా చిన్నవి, అన్నీ ఎర్రగా.

"మా వాగు ఫొటోనా సారూ?" అంది. ఫ్యాక్టరీల విషపు నీళ్లు కలిసి వాగు ఎర్రబడ్డాక, ఫొటోలు తీసుకునేవాళ్లు పటాన్‌చెరు చుట్టుపక్కల పల్లెలకు వస్తూనే ఉండేవారు.

"కాదమ్మా, ఇది ఉత్తి లెక్క. అర్థమేమీ లేదు."

ఆమె వినిపించుకోలేదు. పాయల వెంట వేలు జరుపుకుంటూ కాగితం అంచుదాకా వచ్చింది. "మా బాయి గీడుంటది. ఇగ ఇది యాడ ఆగుతది?"

"ఎక్కడా ఆగదు," అన్నాను, గొప్ప సంగతి చెబుతున్నట్టు. "ఎంత దగ్గరగా చూస్తే అంత లోపలికి పోతూనే ఉంటుంది."

ఆమె నా చేతిలోంచి సీసా మెల్లగా తీసుకుంది.

"సాలు సారూ. ఇగ తాగకుండ్రి."

మిగిలిన నీళ్లు కిటికీలోంచి పారబోసింది. సగం సీసా నేను అప్పటికే తాగేశాను.